గాజుపలకల మీద హైదరాబాదు

హైదరాబాదులో అమీర్‌పేట కూడలి నుండి పంజాగుట్ట వైపు సాగిపోయే బాటసారికి ఇరువైపులా శిక్షణ సంస్థల బోర్డులు కనబడుతూ ఉంటాయి. కంప్యూటరు విద్యలతో పాటు ఛాయాచిత్రాలకు మెరుగులు దిద్దే విద్యను కూడ అక్కడ కొద్ది వారాలలో నేర్చుకోవచ్చు. చేతిలోని సెల్‌ఫోనుతో తీసిన బొమ్మ నచ్చకపోతే దానిని చెరిపివేసి వెంటనే మరొకటి తీయవచ్చు. నూట ముప్పై సంవత్సరాల క్రితం ఇదే నగరంలో ఒక్క చిత్రం తీయాలంటే ట్రంకుపెట్టెను తలపించే కెమెరా, దానిని నిలపటానికి ముక్కాలి పీట, తలమీద కప్పుకోవటానికి నల్లగుడ్డ, రసాయనాల సీసాలు, బరువైన గాజుపలకలు అవసరమయ్యేవి. వాటిని మోయటానికి మనుషులు కావలసి వచ్చేది. ఆ బరువును మూడు దశాబ్దాల పాటు ఇష్టంగా మోసి, నిజాం రాజ్యపు రూపురేఖలను గాజుమీద నిలిపిన వ్యక్తి రాజా దీన్‌దయాళ్.

ఆయన హైదరాబాదుకు వచ్చేనాటికి అమీర్‌పేట, పంజాగుట్టలు నగరంలో భాగం కావు. మూసీ ఒడ్డున కోటగోడల నడుమ పాత నగరం, హుస్సేన్‌సాగర్‌కు ఆవలి గట్టున సికింద్రాబాదు దండు ఉండేవి. ఈ గుట్టల ప్రాంతం ఊరికి వెలుపలిది. పంజాగుట్ట సమీపాన నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ఆనాటి ప్రభువర్గపు వైభవానికి ఆనవాలుగా మిగిలింది. ఆ గుట్టను తెలుగువారు ఎర్రగడ్డ అనేవారట. పారసీ భాషలో ఇరమ్ అంటే స్వర్గం. రెండు భాషలవారి నోటా దాదాపు ఒకే విధంగా పలకాలని నవాబు తన భవనానికి ఆ పేరు ఎంచుకున్నారని చెబుతారు. ఇటువంటి భవనాలు నిర్మించుకొని, వాటి మెట్లమీద పరివారంతో నిలిచి, తమ రూపాలు తమ తరువాత కూడ ఉండాలని కోరుకున్న అమీరులే దీన్‌దయాళ్‌ను హైదరాబాదులో నిలబెట్టారు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో జన్మించారు. నగల వ్యాపారం చేసే జైన కుటుంబం వారిది. ఆయన మాత్రం కులవృత్తిని చేపట్టక, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్యకు సంబంధించిన శిక్షణ పొందారు. గంగా కాలువ నిర్మాణపు రోజులలో వెలసిన ఆ కళాశాల నేడు ఐఐటీ రూర్కీగా ప్రసిద్ధం. 1866లో చదువు ముగించుకొని ఇండోరులో ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే చిత్తుపనివానిగా చేరారు. గోడ ఎత్తు ఎంత, స్తంభానికి స్తంభానికి మధ్య దూరం ఎంత, నీడ ఏ వేళకు ఎటు పడుతుంది అని లెక్కకట్టటమే ఆ ఉద్యోగం. ఈ ఎనిమిదేళ్ల నక్షాల పని ఆయన కంటికి ఇచ్చిన శిక్షణ ఎంతటిదో ఆ తరువాత తీసిన ప్రతి కట్టడపు చిత్రంలోను తెలుస్తుంది.

1874 ప్రాంతంలో ఆయన కెమెరా చేతబట్టారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. మధ్యభారత సంస్థానాలలో ఆంగ్లప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇండోరు పాలకులు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన అభిరుచిని ప్రోత్సహించారు. 1875–76లో వేల్సు యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆ పర్యటన దృశ్యాలను తీసే అవకాశం కూడ లభించింది. ప్రభుత్వోద్యోగం చేస్తూనే తీరికవేళల్లో ప్రారంభించిన ఈ వ్యాసంగం క్రమంగా ఆయన జీవితాన్నే ఆక్రమించుకొన్నది.

ఆ కెమెరా ఎలా పనిచేసేదో తెలిస్తే కాని ఆయన శ్రమ విలువ బోధపడదు. అది కర్రతో చేసిన పెద్ద పెట్టె. ముందువైపు కటకం, వెనుకవైపు గరుకు గాజు, రెండింటి నడుమ హార్మోనియం తిత్తివలె ముడుచుకొని సాగే తోలు తిత్తి. ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డలో తలదూర్చి చూస్తే గరుకు గాజుమీద దృశ్యం తలక్రిందులుగా కనబడుతుంది. తలక్రిందులైన ఆ ప్రపంచంలోనే రేఖలను సరిచూసుకోవాలి. తిత్తిని ముందుకు వెనుకకు జరిపి దృశ్యం స్పష్టమయ్యేటట్లు చేయాలి. ఎత్తయిన మీనారును తీసేటప్పుడు పెట్టెను పైకెత్తితే గోడలు వెనుకకు వాలినట్లు పడతాయి. అందుకని పెట్టెను నిటారుగానే ఉంచి, కటకం బిగించిన ముందు పలకను మాత్రమే పైకి జరిపేవారు. అప్పుడు మీనారు నిటారుగా నిలుస్తుంది. నక్షాలు గీసిన మనిషికి ఈ సూక్ష్మం కొత్తగా నేర్పవలసిన పని లేదు.

అన్నిటికంటె కష్టమైనది గాజుపలకను సిద్ధం చేయటం. దీన్‌దయాళ్ ఈ విద్య నేర్చుకొన్ననాడు తడిపలకల పద్ధతి వాడుకలో ఉండేది. శుభ్రంగా తుడిచిన గాజుమీద కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచి, దానిని వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి బొమ్మ తీసి, తడి ఆరకముందే కడిగి స్థిరపరచాలి. ఇదంతా పది పదిహేను నిమిషాలలో ముగియాలి. ఎండలు మండే దేశంలో ఆ గడువు ఇంకా తక్కువ. కనుక కొండమీది కోటను తీయాలన్నా, అడవిలోని ఆలయాన్ని తీయాలన్నా చీకటిగదిగా పనికివచ్చే గుడారాన్ని వెంట తీసుకుపోవలసి వచ్చేది. 1880 ప్రాంతం నుండి ముందుగానే సిద్ధం చేసిన పొడిపలకలు అంగళ్లలో దొరకసాగాయి. అవి వచ్చిన తరువాత గుడారం బాధ తప్పింది కాని, వేసవిలో వాటిమీది జెలటిన్ పొర మెత్తబడి అంచుల వెంట లేచిపోయేది. నీటిని మంచుతో చల్లబరచి కడగవలసి వచ్చేది. పది అంగుళాలు, పన్నెండు అంగుళాలు ఉండే పలకలు ఒక డజను మోసుకుపోతే వాటి బరువే నాలుగైదు కిలోలు. దారిలో బండి ఒక్కసారి కుదిపితే ఒక రోజు శ్రమ ముక్కలయ్యేది.

ఇంత పెద్ద పలక ఎందుకని అడగవచ్చు. ఆనాడు చిన్న చిత్రాన్ని పెద్దదిగా చేయటం సులభం కాదు. పలక ఎంత ఉంటే కాగితంమీద చిత్రం అంతే. గ్రుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణంతో తడిపిన కాగితాన్ని గాజుపలకకు అదిమి ఎండలో ఉంచితే సూర్యుడే చిత్రాన్ని ముద్రించేవాడు. దాని రంగు నిలవటానికి బంగారు లవణంతో కడిగేవారు. నగల వ్యాపారుల ఇంట పుట్టి ఆ వ్యాపారాన్ని వదలుకొన్న దీన్‌దయాళ్ చివరకు వెండి బంగారాలతోనే పని చేశారు. పెద్ద పలకలో ఇమిడే సూక్ష్మ వివరం అపారమైనది. ఆ చిత్రాలను నేడు భూతద్దంలో చూస్తే సేనావరుసలో వెనుక నిలిచిన సిపాయి తలపాగా మడతలు కూడ లెక్కపెట్టవచ్చు.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే ఉన్నతాధికారి బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించినప్పుడు దీన్‌దయాళ్‌ను వెంట తీసుకొనివెళ్లారు. గ్వాలియరు కోట, ఖజురాహో ఆలయాలు, సాంచి స్తూపం, ఓర్ఛా, దతియా రాజభవనాలు ఆయన పలకల మీదికి ఎక్కాయి. వాటిలో ఎనభైకి పైగా చిత్రాలతో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథం 1886లో వెలువడింది. ఆ రోజులలో మనదేశపు కట్టడాలను తీసి పేరు పొందినవారిలో అధికులు ఆంగ్లేయులే. కట్టడానికి సరిగా ఎదురుగా నిలిచి, ఉదయపు ఏటవాలు వెలుగులో శిల్పం ఉబ్బెత్తుగా కనబడే వేళ వరకు ఓపిక పట్టిన ఈ భారతీయుని చిత్రాలు వారి చిత్రాలకు ఏమాత్రం తీసిపోవు. అనవసరమైన అలంకారం లేకపోవటమే వాటి అందం.

1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించారు. ఆ కాలంలోనే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానం నుండి ఆహ్వానం వచ్చింది. నిజాం అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండని యువకుడు. సర్వాధికారాలు చేపట్టి ఏడాది మాత్రమే అయింది. దీన్‌దయాళ్‌కు నలభై దాటాయి. చేతిలో పింఛను వచ్చే ప్రభుత్వోద్యోగం, ఇంట ఎదిగివస్తున్న కుమారులు. ఒక యువరాజు ఇష్టాన్ని నమ్ముకొని ఉద్యోగం వదలుకోవటం సామాన్యమైన సాహసం కాదు. ఆయన మొదట సెలవు తీసుకొని పరిస్థితులు గమనించి, ఆ తరువాతనే ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. లెక్కలు తెలిసిన మనిషి వేసిన అడుగు అది.

1886లో సికింద్రాబాదులో ఆయన చిత్రశాల వెలసింది. అది ఆలోచించి ఎంచుకొన్న చోటు. ఒకవైపు దండులోని ఆంగ్ల సైనికాధికారులు, మరొకవైపు నగరంలోని నవాబులు. 1874లోనే రైలుమార్గం ఏర్పడి ఉండటంవల్ల బొంబాయి రేవులో దిగిన గాజుపలకలు, కాగితం, రసాయనాలు వాడి జంక్షను మీదుగా సికింద్రాబాదుకు చేరగలిగేవి. దండులో కవాతులు, గుర్రపు పందేలు, పోలో ఆటలు, విందులు; నగరంలో దర్బారులు, ఊరేగింపులు, పెండ్లి వేడుకలు. అన్నింటికీ దీన్‌దయాళ్ కెమెరా హాజరయ్యేది.

చౌమహల్లా మందిరాలు, బషీర్‌బాగ్ భవనం, వికారుల్ ఉమ్రా నిర్మించిన ఫలక్‌నుమా, చార్మినారు, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు ఆయన చిత్రాలలో చోటు చేసుకొన్నాయి. నిజాం రాజ్యంలోనివే అయిన ఎల్లోరా గుహలను కూడ ఆయన తీశారు. రాజభవనాల లోపలి భాగాలను తీయటం ఆనాడు గొప్ప పరీక్ష. విద్యుద్దీపాలు అరుదైన కాలం. కిటికీల నుండి వచ్చే వెలుగు చాలదు. కటకం మూత తీసి, ఎంతసేపు తెరచి ఉంచాలో అనుభవంతో మనసులోనే లెక్కపెట్టి తిరిగి మూయాలి. ఆ సమయంలో ఎవరూ కదలరాదు. మనుషులున్న చిత్రాలలో అక్కడక్కడ ఒక కుక్క తోక, గాలికి ఊగిన ఒక తెర పొగవలె చెదరి కనబడటానికి కారణం ఇదే. ప్రభువు ఆజ్ఞ కుక్కకు వర్తించలేదు.

 ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకోవటం ఊహకందని విషయం. దీనికి దీన్‌దయాళ్ ఒక మార్గం కనిపెట్టారు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా చిత్రశాలను ప్రారంభించి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎత్తయిన ప్రహరీల మధ్య, స్త్రీలే చిత్రాలు తీసే ఏర్పాటు జరిగింది. వ్యాపారదృష్టితో చేసిన పనియే అయినప్పటికీ, ఎవరి ముఖమూ బయటికి తెలియని ఒక తరం స్త్రీలకు తమ రూపాన్ని తాము చూసుకొనే అవకాశం దానివల్ల కలిగింది. అక్కడ తీసిన చిత్రాలు ఆయా ఇళ్ల పెట్టెలలోనే ఉండిపోయి ఉంటాయి.

నిజాం ఆయన కళకు ముగ్ధుడై 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రదానం చేశారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. కత్తిపట్టిన సేనానులకు ఇచ్చే బిరుదును కెమెరా పట్టినవానికి ఇవ్వటం ఆ ఆస్థానపు రసికతకు నిదర్శనం. నిజాం స్వయంగా ఆయనను మెచ్చుకొంటూ కవిత అల్లారని కూడ ప్రసిద్ధి. విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడనే గౌరవం కూడ ఆయనకు దక్కింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలను ప్రదర్శించారు. 1890ల ద్వితీయార్ధంలో బొంబాయిలో కూడ పెద్ద చిత్రశాల తెరిచారు.

ఇంత పని ఒక్కచేతి మీద జరిగేది కాదు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రి వద్దనే విద్య నేర్చి సంస్థలో భాగస్వాములయ్యారు. పలకలు కడిగేవారు, ఎండలో కాగితాలు ముద్రించేవారు, చిత్రాలకు మెరుగులు దిద్దేవారు, అట్టలకు అంటించేవారు వేరువేరుగా ఉండేవారు. సంస్థలో తీసిన పలకలకు వరుస సంఖ్య వేసేవారు. కోరినవారికి ఎన్నేళ్ల తరువాతనైనా అదే పలక నుండి మరొక ప్రతి తీసి ఇవ్వగలిగేవారు. గాజు పగలకుండా ఉండటం ఎంత ముఖ్యమో, ఏ గాజుమీద ఏమున్నదో తెలియటం అంత ముఖ్యమని దీన్‌దయాళ్ గ్రహించారు. ప్రజాపనుల శాఖలో పనిచేసిననాటి అలవాటు కావచ్చు. ఆయన పేరుతో వెలువడిన ప్రతి చిత్రాన్నీ ఆయనే స్వయంగా తీశారని చెప్పలేము. ఏ పలక తండ్రిది, ఏది కుమారులది, ఏది పేరు తెలియని పనివానిది అని వేరుచేయటం కష్టం. వేయి చేతులు చేసిన పనికి ఒక పేరు మిగిలింది.

వైభవాన్ని మాత్రమే తీసిన ఆస్థాన ఛాయాగ్రాహకుడని దీన్‌దయాళ్‌ను కొందరు తక్కువగా అంచనా వేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆయన కెమెరా చాలవరకు వజ్రాల తలపాగాల వైపే తిరిగి ఉండేది. డబ్బు ఇచ్చేవారు వారే. కాని 1899–1900లో దక్కను ప్రాంతాన్ని ఘోరమైన క్షామం పీడించినప్పుడు నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయక కార్యక్రమాలను కూడ ఆ సంస్థ తీసింది. ఔరంగాబాదు ప్రాంతంలోని అన్నసత్రాల వద్ద వరుసగా కూర్చున్న బీదలు ఆ చిత్రాలలో కనబడతారు. ప్రభువుల ఔదార్యాన్ని చాటటమే ఆ చిత్రాల ఉద్దేశం. దర్బారు చిత్రంలో అమీరులను నిలిపినంత క్రమంగా అన్నార్తులను కూడ వరుసలో కూర్చోబెట్టారు. అయినా పెద్ద పలక ఏదీ దాచదు. తేలిన ఎముకలు, ఖాళీ గిన్నెలు, కెమెరా వంక బెదురుగా చూసే పిల్లల కళ్లు తలపాగా మడతలంత స్పష్టంగానే నిలిచిపోయాయి. ఉద్దేశించిన దానికంటె ఎక్కువ చెప్పిన చిత్రాలు అవి. ఫలక్‌నుమా చిత్రాల ప్రక్కన వీటిని ఉంచి చూడనివారికి ఆనాటి హైదరాబాదు సగమే తెలుస్తుంది.

రెండేళ్లు తిరగకముందే 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు సతీసమేతంగా వేటకు వచ్చారు. వరంగల్లు సమీపంలోని నెక్కొండ వద్ద చంపిన పెద్దపులి ముందు దంపతులు నిలిచిన చిత్రం దీన్‌దయాళ్ సంస్థ చిత్రాలలో ఎక్కువగా ప్రచారం పొందినవాటిలో ఒకటి. తెలుగునాట చిన్న రైల్వేస్టేషను పేరు ఆ విధంగా విదేశీ గ్రంథాలకు ఎక్కింది.

చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ అకాలమరణం చెందారు. వెంటనే వచ్చిన ఏడాది, 1905 జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. జ్ఞాన్‌చంద్ సంస్థను నడిపించారు కాని, కాలం మారింది. తేలికైన చేతికెమెరాలు, చుట్టగా వచ్చే ఫిల్ములు బజారుకు వచ్చాయి. అమీరుల ఇంటి పిల్లలే బొమ్మలు తీయటం నేర్చుకొన్నారు. 1911లో మహబూబ్ అలీఖాన్ కూడ మరణించటంతో ఒక పోషకుని ఇష్టం మీద నిలిచిన వ్యాపారానికి ఆ నీడ తొలగిపోయింది.

ఈలోపల 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరంలో వేలాది ఇళ్లను, ప్రాణాలను తుడిచిపెట్టింది. ఆ తరువాత పునర్నిర్మితమైన హైదరాబాదు వేరు. వరదకు ముందటి నదీతీరాలు, వీధులు, భవనాలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే నేటికీ ఆధారం ఆ గాజుపలకలే. నది కొట్టుకుపోనిచ్చిన దానిలో కొంత గాజు కాపాడింది.

ఆ గాజుకు కూడ గండాలు తప్పలేదు. పలకలు చాలవరకు చెదరిపోయాయి. కుటుంబం వద్ద మిగిలిన వాటిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి భద్రపరచింది. 2006లో భారత తపాలాశాఖ దీన్‌దయాళ్ పేరుతో తపాలాబిళ్ల విడుదల చేసింది.

ఆయన వాడినటువంటి తిత్తి కెమెరాలు నేడు పూర్తిగా మూలపడలేదు. నాలుగు అంగుళాలు ఐదు అంగుళాలు, ఎనిమిది అంగుళాలు పది అంగుళాలు ఉండే ఫిల్ము పలకలు ఇప్పటికీ తయారవుతున్నాయి. దేశదేశాలలో కొందరు ఔత్సాహికులు పాత కర్రకెమెరాలను బాగుచేసుకొని, ఒకరి పెట్టెను ఒకరు చూసి మెచ్చుకొంటూ, కటకాలు ఎరువిచ్చుకొంటూ, మళ్లీ నల్లగుడ్డలో తలదూరుస్తున్నారు. తడిపలకను సొంతంగా పూసుకొని తీసేవారు సైతం ఉన్నారు. గంటకు ఒక బొమ్మ తీయటంలో వారికి దొరికే సంతోషం సెల్‌ఫోను మనుషులకు వింతగా తోస్తుంది.

పంజాగుట్ట వద్ద ఎర్రమంజిల్ కూడ అటువంటి గండమే దాటింది. దానిని తొలగించి శాసనసభా భవనం నిర్మించాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. ఎదురుగా మెట్రో రైలు వంతెన సాగిపోతున్నది. ఆ గుట్టమీద ముక్కాలి పీట దించి, పెట్టెను నిటారుగా నిలిపి, ముందు పలకను కాస్త పైకి జరిపితే భవనపు స్తంభాలు ఈనాటికీ గరుకు గాజుమీద తలక్రిందులుగా, నిటారుగా నిలుస్తాయి.